ట్రాము ఎక్కనివ్వని వంటమనుషుల ఊసు కోసం

బుధవారం పొద్దున పది దాటాక మేముండే ఊరు క్యారీ స్టేషన్‌లో రైలెక్కాను. క్యారీలో రైలుందన్న సంగతే మనవాళ్లలో చాలామందికి తెలియదు. అందరికీ కార్లున్నాయి, హైవే ఎక్కితే ఎక్కడికైనా వెళ్లిపోతారు. కారు నడపడం రాని నాలాంటి ఆడవాళ్లు ఎప్పుడైనా డీసీ పక్కనున్న ఆర్లింగ్టన్ వైపు వెళ్లాల్సొస్తే పనికొస్తుందని ఈ ప్రయాణం సంగతి చెబుతున్నాను. నాకు కూడబలుక్కుని చదవడమే వచ్చు, రాయడం సంతకం వరకే. నేను చెబుతుంటే ఇంకో రాష్ట్రంలో, ఇర్వింగ్‌లో ఉన్న మా అమ్మాయి ఫోన్‌లో విని రాస్తోంది. "అమ్మా, గోదారిలా పోకు, ఆగి చెప్పు" అని ఇప్పటికే కసిరింది.

ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. మా ఆయన ఇక్కడి గుడి క్యాంటీన్‌లో వంట చేసేవాడు. ఆయన పోయాక నేను ప్రమీల కేటరింగ్‌లో చేరాను. పెళ్లిళ్లకీ ఓణీల ఫంక్షన్లకీ వండి, హాలుకి పట్టుకెళ్లి, అక్కడ వేడిచేసి అందిస్తాం. ఇప్పుడు వంటవాళ్లం ఏడుగురం, అందరం ఆడవాళ్లమే. నేనుండడానికి ప్రమీలే వాళ్ల గరాజు మీదున్న గది ఇచ్చింది. మంచి మనిషే, నా జ్వరానికి కషాయం కాచి పట్టుకొచ్చిన మనిషి. ఏమాటకామాటే చెప్పుకోవాలి.

అయితే మొన్న వేసవిలో కొత్త వ్యాను కొన్నారు. పాతదాంట్లో అందరం సీట్లలో కూర్చునేవాళ్లం. కొత్తదాంట్లో వెనక సీట్లు లేవు, కిటికీలు లేవు, ట్రేలు పెట్టుకోవడానికి ఖాళీ నేల. వడ్డించేవాళ్లు ప్రమీల కారులో వస్తారు. వంటవాళ్లు మాత్రం వ్యాను వెనక ట్రేల మధ్య కింద కూర్చోవాలి. ఎందుకమ్మా అంటే, "తాలింపు వాసన పిన్నిగారూ, మీ పక్కన కూర్చుంటే వడ్డించేవాళ్ల బట్టలకి పట్టేస్తోంది. హాల్లో గెస్టులు అదోలా చూస్తున్నారు" అంది. ఒకరోజు హైవే మీద బ్రేకు వేస్తే రసం గిన్నె ఒలికి మా సత్తెమ్మ మోచెయ్యి బొబ్బలెక్కింది. అప్పుడు రాధ అనే అమ్మాయి మా అందరి తరఫునా వెళ్లి మాట్లాడింది. ప్రమీల అంతా విని, మంచినీళ్లిచ్చి పంపించింది. ఆ తర్వాత రాధకి పనికి పిలుపు రావడం ఆగిపోయింది. ఇప్పుడా పిల్ల ఇంకో ఊళ్లో ఏదో షాపులో చేస్తోంది.

రాధ వెళ్లిపోయాక మిగిలిన ఆరుగురి చూపూ నా మీద పడింది. "అక్కా, నువ్వు పెద్దదానివి. నిన్నేమంటది? నువ్వు అడుగు" అని సత్తెమ్మ రోజూ పోరు. సత్తెమ్మది కరీంనగర్ వైపు, మనసులో ఏదీ దాచుకోదు. నాకేమో నోరు పెగిలేది కాదు. నేను అడిగితే నా పనీ పోతుంది, తలమీద కప్పూ పోతుంది. అడక్కపోతే ఇంకెవరికైనా ముఖమ్మీదే ఒలుకుతుంది. రాత్రీ పగలూ ఇదే తొలిచేసేది.

మా వంటింట్లో గిన్నెలు కడిగి, పూరీలు ఒత్తే బెనీటా అని ఒకావిడ ఉంది. బొలీవియా దేశం ఆవిడ. నాకొచ్చిన ఇంగ్లీషూ ఆమెకొచ్చిన ఇంగ్లీషూ కలిపితే ఒక మనిషి ఇంగ్లీషులో సగం. కానీ పదేళ్లుగా ఒకే పొయ్యి దగ్గరున్నాం, "చాలు", "మాడింది" ఆమెకి తెలుగులోనే వచ్చు. ఆమె ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, వ్యాను చూపించి, వాళ్లమ్మమ్మ కూడా వంటమనిషే అనీ, లా పాస్ అనే ఊళ్లో వంటమనుషుల్ని ట్రాములు ఎక్కనిచ్చేవాళ్లు కాదనీ, వాళ్లంతా సంఘం పెట్టి ఎక్కారనీ చెప్పింది. "నో బాస్. సంఘం, నో బాస్" అని వేలు ఊపింది. నవంబరు మొదట్లో చనిపోయినవాళ్లకి వాళ్లిళ్లలో భోజనం పెడతారట. పోయినేడు పోయిన తన తల్లికి ఆర్లింగ్టన్‌లో చెల్లెలింట్లో పెడుతున్నారనీ, వాళ్ల పెద్దమ్మ వస్తుందనీ, ఆ కథంతా ఆమెకి తెలుసనీ చెప్పి, "కమ్. ఆస్క్" అంది. ఆమె ముందే వెళ్లింది. నేను ప్రమీలకి నడుంనొప్పి అని చెప్పి మూడు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను. శుక్రవారం సాయంత్రం పెద్ద సంగీత్ ఆర్డరుంది, ఆలోగా వచ్చెయ్యాలి. నేను ఏదో ఒకటి తేల్చుకొస్తానని మావాళ్లంతా కాచుకుని ఉన్నారు.

టికెట్టు మా అమ్మాయి ఫోన్‌లోనే కొంది, అరవై డాలర్ల లోపే. ముందే కొంటే ఇంకా తక్కువట. స్టేషను శుభ్రంగా ఉంటుంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి. మెట్లెక్కేటప్పుడు కండక్టరు చెయ్యందిస్తాడు. పులిహోర, పెరుగన్నం డబ్బాలు, మజ్జిగ సీసా పెట్టుకున్నాను. రైల్లో తినడానికి అమ్ముతారు కానీ మనకి పనికొచ్చేవి తక్కువ. సంచిలో ఇంకొకటి ఉంది, జరీ అంచు శాలువా. అదెందుకంటే, మన సభలకి ఎన్నింటికి వండాను! వంటయ్యాక వెనక తలుపు దగ్గర నిలబడి చూసేవాళ్లం. సంఘమంటే అధ్యక్షులుంటారు. అధ్యక్షులుంటే వేదిక మీదకి పిలిచి శాలువా కప్పుతారు. వాళ్ల సంఘం పెద్దావిడ దగ్గరికి సలహాకి వెళుతూ ఒట్టి చేతుల్తో ఎలా వెళ్లను?

రాలీలో ఒక తెలుగమ్మాయి ఎక్కింది. నా బొట్టులేని ముఖం చూసి కాదు, పులిహోర వాసన పట్టి పక్క సీటుకొచ్చింది.

"ఆంటీ, మీరు సోలోగా ట్రావెల్ చేస్తున్నారా? గ్రేట్ ఆంటీ! నేను మాస్టర్స్ చేస్తున్నా, డీసీలో ఫ్రెండ్ దగ్గరికి వెళ్తున్నా."

"తిను తల్లీ. నాకో సంగతి చెప్పు. సంఘం ఉండి, దానికి పెద్ద లేకపోవడం ఏమిటి? నాతో పనిచేసే బెనీటా అలా చెప్పింది."

"అంటే... బెనీటా గారు ఏ వర్డ్ యూజ్ చేశారు?"

బెనీటా ఫోన్‌లో పంపిన మాట వినిపించాను. ఆ పిల్ల తన ఫోన్‌లో కొట్టి, ముఖం చిట్లించి, "తెలుగులో అరాచకవాదులు అని వస్తోంది ఆంటీ" అంది.

అరాచకం అంటే మా రేపల్లె వైపు కత్తులు పట్టుకు తిరిగేవాళ్లని అంటారు. "బాబోయ్, వాళ్లింటికా నేను వెళుతోంది?" అన్నాను.

"లేదాంటీ, అదొక ఐడియాలజీ. ఎవరి మీదా ఎవరూ పవర్ చూపించకూడదు, అలా... ఐ థింక్. నాకు సరిగ్గా తెలీదు. నాది డేటా సైన్స్."

"మరి చదువుకున్నావుగా?"

"అది మా సిలబస్‌లో లేదాంటీ" అని ఇంకో ముద్ద పెట్టుకుంది. అయితే ఒక మేలు చేసింది. నేను తెలుగులో మాట్లాడితే స్పానిష్‌లో పలికే యాప్ ఏదో నా ఫోన్‌లో వేసి, ఎక్కడ నొక్కాలో నేర్పించి, చెవుల్లో వైర్లు పెట్టుకుని నిద్రపోయింది.

విల్సన్‌లో ఒక నల్లావిడ ఎక్కింది, నాకంటే పెద్దది, చర్చికి వెళ్లేటట్టు టోపీ పెట్టుకుంది. ఆమె సంచిలోంచి ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు తీసి నా చేతిలో పోసింది. ఈ దేశంలో ఉడకబెట్టిన కాయలు ఉంటాయని నాకు తెలియదు! ఉప్పు సరిగ్గా పడింది. ఎక్కడికని అడిగితే, వంటవాళ్లని బండిలో కింద కూర్చోబెడుతున్నారని, దాని సంగతి కనుక్కోవడానికని నాకొచ్చిన ముక్కల్లో చెప్పాను. ఆమె, "మా అమ్మ ఇళ్లల్లో వంట చేసేది. బస్సులో ముందు సీట్లు ఖాళీగా ఉన్నా వెనక నిలబడేది" అంది. రిచ్‌మండ్‌లో దిగేటప్పుడు మిగిలిన కాయలన్నీ నా సంచిలో వేసి వెళ్లింది.

రిచ్‌మండ్ దాటాక కుడివైపు కిటికీ పట్టుకోండి. క్వాంటికో దగ్గర నుంచి నది పక్కనే వస్తుంది, మన కృష్ణ పాయంత వెడల్పు. నాలుగు దాటాక అలెగ్జాండ్రియాలో దిగాను. అక్కడ మెట్రో స్టేషను పక్కనే, నడిచే దూరం. కార్డు కొనుక్కోవాలి. మిషను దగ్గర తికమక పడుతుంటే యూనిఫాం వేసుకున్నాయన వచ్చి కొనిపెట్టాడు. విమానాల స్టేషను దాటి పెంటగాన్ సిటీ అన్నచోట దిగాను. బెనీటా పైన నిలబడి ఉంది. అక్కడనుంచి బస్సులో కొలంబియా పైక్ మీదుగా ఇంటికి. ఆ వీధిలో బొలీవియా వాళ్ల రొట్టెల కొట్లు, డబ్బులు పంపే కొట్లు వరసగా ఉన్నాయి. మన ఇర్వింగ్‌లో మనవాళ్ల కొట్లు ఉన్నట్టే.

ఇల్లు మూడో అంతస్తులో. లోపలికి వెళ్లేసరికి ఇంకా అయోమయం. ఒక పెద్ద బల్ల మీద చనిపోయినావిడ ఫోటో, చుట్టూ పూలు, చెరుకు గడలు, పండ్లు, అన్నం, కూరలు. మధ్యలో రొట్టెతో చేసిన పిల్లలు! నిజంగా పిల్లల్లాగే, ముఖాలకి రంగులు వేసి, గుడ్డలు చుట్టినట్టు చేశారు. రొట్టెతో చేసిన నిచ్చెన కూడా ఉంది, చనిపోయినవాళ్లు దాని మీదుగా దిగి రావడానికట. నాకు చప్పున తద్దినం గుర్తొచ్చింది. కాకికి పెట్టి కాచుకుంటాం కదా, అదే ఇది. కానీ మన ఇళ్లలో ఆ రోజు గట్టిగా మాట్లాడరు. ఇక్కడ వచ్చినవాళ్లు వచ్చినట్టే ప్రార్థన చేసి, రొట్టె తీసుకుని, కూర్చుని ఒకటే నవ్వులు. ఏడవాలో నవ్వాలో తెలియక గోడకి ఆనుకుని నిలబడ్డాను.

వంటింట్లోకి వెళితే ప్రాణం లేచొచ్చింది. పలకరాయి మీద అర్ధచంద్రంలాంటి రాయి ఊపుతూ టమాటా, పచ్చిమిరపకాయలు నూరుతున్నారు. రోటిపచ్చడే! నేనూ కూర్చుని ఓ చెయ్యి వేశాను. నేను గొడ్డుమాంసం తిననని బెనీటా వాళ్లకి ముందే చెప్పింది. ఉడికించిన బంగాళాదుంపలు, తెల్ల జొన్నపొత్తు గింజలు, ఆ పచ్చడి పెట్టారు. కారం చాలింది.

భోజనాలయ్యాక పెద్దమ్మ దగ్గర కూర్చోబెట్టారు. ఆమె పేరు యులాలియా. తొంభై దాటాయి, రెండు జడలు, కుచ్చుల లంగా, తలమీద చిన్న గుండ్రటి టోపీ. పక్కన ఇంకో ముసలావిడ, ఫిలోమెనా. ఈమె తల్లి లా పాస్ బజారులో పూలమ్మేది. నేను శాలువా తీసి మడత విప్పి నిలబడ్డాను. భర్త పోయినదాన్ని, నా చేత్తో కప్పొచ్చో కూడదో అని ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఫోన్‌లో అడిగాను, "అమ్మా, మీ సంఘం అధ్యక్షురాలు ఎవరు? మీరేనా, మీ అమ్మగారా?"

ఫోన్ ఆ మాట పలకగానే గదిలో ఉన్నవాళ్లంతా విరగబడి నవ్వారు. నా ముఖం చిన్నబోయింది. యులాలియా మాత్రం నవ్వలేదు. శాలువా అంచు పట్టుకుని చూసి, ఏదో అంది. ఫోన్ తెలుగులో చెప్పింది: "అధ్యక్షురాలు లేదు. ఎవరికి చలి వేస్తోందో వాళ్లకి కప్పు."

చుట్టూ చూశాను. అందరూ ఉన్ని బట్టల్లో ఉన్నారు. పల్చటి స్వెట్టరు వేసుకుని వణుకుతున్నది నేనొక్కదాన్నే. బెనీటా ఆ శాలువా నా చేతుల్లోంచి తీసుకుని నాకే కప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఏం చెయ్యాలో తెలియక నేనూ కొట్టాను.

తర్వాత కథ చెప్పారు. చెప్పారంటే, ఇద్దరు ముసలమ్మలూ పోట్లాడుకున్నారు, మధ్యలో ఫోన్ ఎవరి మాట ఎవరిదో కలిపేసి చెప్పింది. నాకు అర్థమైనంత చెబుతాను. అప్పట్లో ఆ ఊళ్లో వంటమనుషులు బజారు నుంచి సరుకుల బుట్టలతో ట్రాములెక్కేవాళ్లు. దొరసానులకి అది నచ్చలేదు. బుట్టలు తగిలి మేజోళ్లు చిరుగుతున్నాయని, వీళ్ల లంగాలు సీట్లు ఆక్రమిస్తున్నాయని ఫిర్యాదు. ఊరి పెద్దలు సరేనని, బుట్టలున్న ఆడవాళ్లు ట్రామెక్కకూడదని హుకుం జారీ చేశారు. ఊరంతా కొండ. బరువు నెత్తిన పెట్టుకుని ఎక్కి వెళ్లేసరికి ఆలస్యం, ఆలస్యమైతే ఆ దొరసానుల చేతే తిట్లు. అప్పుడు వంటవాళ్లంతా కలిశారు, పూలవాళ్లు కూడా కలిశారు. అందరూ ఊరి కచేరీకి వెళ్లారు. హుకుం పోయింది, ట్రామెక్కారు. యులాలియా అప్పటికి తల్లి వీపు మీద మూటలో ఉన్న బిడ్డ.

"ముందు నడిచింది మావాళ్లు" అంది ఫిలోమెనా. "మీ వంటవాళ్లు వెనక నుంచి వచ్చారు."

"మీ బుట్టల్లో ఉండేవి పూలు. మీకేం బరువు?" అంది యులాలియా.

"మీ దగ్గర ఉల్లిపాయల కంపు. అందుకే మేం ముందు నడిచాం, గాలి మా వైపు రాకుండా!"

అందరూ నవ్వుతుంటే నేను మాత్రం పట్టుబట్టాను. "కచేరీలో మాట్లాడింది ఎవరు? ఒక్కరి పేరు చెప్పండి."

ఫిలోమెనా ఒక పేరు చెప్పింది. కాదు కాదని యులాలియా ఇంకో పేరు చెప్పింది. గుమ్మం దగ్గరున్నావిడ మూడో పేరు చెప్పింది. చివరికి యులాలియా విసుక్కుని, "అందరూ ఒక్కసారే మాట్లాడారట. కచేరీలో ఉన్న అయ్యకి ఒక్క ముక్క వినబడలేదట, అందుకే ఒప్పుకున్నాడు" అంది. సంఘంలో కాగితాలు చూసే ఆడమనిషి ఉండేదట, చందాలు పట్టే మనిషి ఉండేదట. అది పనే తప్ప పెద్దరికం కాదట. ఒకరు అలిసిపోతే ఇంకొకరు చేసేవాళ్లట.

"ఒక పెద్ద ఉంటే తప్పేమిటమ్మా?" అన్నాను.

ఆమె నా వైపు వంగింది. "ఒక్కతి ఉంటే, ఆ ఒక్కతినీ కొనేస్తారు. లేకపోతే తరిమేస్తారు" అని చెప్పింది ఫోన్.

నాకు రాధ గుర్తొచ్చింది. కానీ మరి మేమేం చెయ్యాలి? అది మాత్రం ఎవరూ చెప్పలేదు. అడిగితే, "మాకేం తెలుసు, మీ బండి మీది" అన్నారు. ఇంత దూరం వచ్చింది దీనికా అనిపించింది.

గురువారం మధ్యాహ్నం బల్ల ఎత్తేశారు. రొట్టెపిల్లల్ని వచ్చినవాళ్లందరికీ పంచారు. నాకూ ఒకటి ఇచ్చారు. తద్దినం ఇంటి నుంచి తినేది పట్టుకెళ్లకూడదు కదా అని నేను వద్దన్నాను. తీసుకోకపోతే తన తల్లి ఆకలితో వెళుతుందని బెనీటా కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎవరి శాస్త్రం ఒప్పో తేలలేదు. అక్కడే కూర్చుని సగం తిన్నాను, సగం ఆమె నోట్లో పెట్టాను.

సాయంత్రం మావాళ్లకి ఫోన్ చేశాను. సత్తెమ్మ, మస్తానమ్మ, పుష్ప, అందరూ కిచెన్‌లో ఉల్లిపాయలు తరుగుతూ స్పీకర్‌లో విన్నారు. ట్రాములు, బుట్టలు, మేజోళ్లు, పూలవాళ్లు, తెలిసినంత చెప్పాను. చెప్పినకొద్దీ నాకే చిక్కుపడిపోయింది.

"అయితే నువ్వు మాట్లాడుతవా లేదా అక్కా?" అంది సత్తెమ్మ.

"ఒక్కదాన్ని మాట్లాడకూడదట."

"మరెవ్వలు మాట్లాడాలె?"

"అందరూనట. లేకపోతే ఎవరూ కాదట. నాకు సరిగ్గా అర్థం కాలేదే."

"మంచిగనే తెలుసుకొచ్చినవ్ తియ్యి. గింత దానికి రైలు టికెట్టు!" అని సత్తెమ్మ ఎత్తిపొడిచింది. మస్తానమ్మ నవ్వింది, పుష్ప ఏదో గొణిగింది, కోత మిషను మోతలో వినబడలేదు. ఫోన్ పెట్టేశాక సిగ్గేసింది. ఎంతో ఆశ పెట్టుకున్నారు, ఏమీ పట్టుకెళ్లలేకపోతున్నానని. యులాలియా నిద్రపోతోంది. శాలువా తీసి ఆమె కాళ్ల మీద కప్పి పడుకున్నాను.

శుక్రవారం పదకొండింటి ప్రాంతంలో తిరుగు రైలు. బెనీటా ఇంకో నాలుగు రోజులుంటానంది. మెట్రో ఈసారి నేనే ఎక్కాను, ఎవర్నీ అడగలేదు. బంగాళాదుంపలు, పచ్చడి మూటకట్టి ఇచ్చారు. రిచ్‌మండ్ దాటేవరకు కునుకు తీశాను. రాకీ మౌంట్ దగ్గర ఫోన్ మోగింది. ప్రమీల.

"పిన్నిగారూ, ఎక్కడున్నారు?"

"రైల్లో ఉన్నానమ్మా." నడుంనొప్పి మనిషిని రైల్లో ఉన్నానని నోరుజారాక నాలిక కరుచుకున్నాను. ఆమె అది పట్టించుకోలేదు.

"మీవాళ్లు వ్యానెక్కట్లేదు. ట్రేలన్నీ ఎక్కించారు, వంట కూడా బాగా చేశారు, వీళ్లు మాత్రం పార్కింగ్‌లో నిలబడ్డారు. ఎందుకంటే నవ్వుతున్నారు. ఇదంతా మీరే నేర్పారు కదూ? మిమ్మల్ని సొంత మనిషిలా చూసుకున్నాను!"

"నేను నేర్పలేదమ్మా" అన్నాను. నిజమే చెప్పాను, కానీ నా చెవికే అబద్ధంలా వినబడింది. "క్యారీలో దిగండి, నేనొస్తున్నాను" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

వెంటనే సత్తెమ్మకి చేశాను. "ఏం చేశారే మీరు?"

"ఏం జెయ్యలే అక్కా. పుష్ప ఎక్కలే అని నేను ఎక్కలే. పుష్పనేమో మస్తానమ్మ ఎక్కలేదని ఆగిందట. మస్తానమ్మ చెప్పు తెగి ఆగిన్నంటది. గంటాయె, గిట్లనే నిల్చున్నం."

"ఆవిడకి ఏం చెప్పారు?"

"ఏం చెప్తం? కింద కూసునేది లేదని చెప్పినం. అందరం చెప్పినం. ఆమెకు సమజ్ అయిందో లేదో."

రాలీ వచ్చింది, వెళ్లింది. నా గది గుర్తొచ్చింది. మంచం, మా ఆయన ఫోటో, కిటికీలో పెట్టుకున్న తులసి. వాటిని ఎక్కడికి పట్టుకెళ్లాలా అని లెక్కేసుకున్నాను. ఇర్వింగ్‌లో మా అమ్మాయిది ఒక్క పడకగది ఇల్లు. ఈ దారిన వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. రైలు బాగుంది, నది బాగుంది, ఆర్లింగ్టన్‌లో పచ్చడి బాగుంది. వెళ్లిన పని తేలిందా అని మాత్రం నన్నడక్కండి. ఆ ముసలమ్మలు చెప్పిందాంట్లో ఏది ముందో ఏది వెనకో ఇప్పటికీ తెలియదు. తెలియని సంగతినే తెచ్చి మావాళ్లకి చెప్పాను. వాళ్లు దాంతో ఏదో చేశారు.

అయిదు దాటాక క్యారీలో దిగాను. ప్రమీల పట్టుచీరలో కారు పక్కన నిలబడి ఉంది, కాటుక కాస్త చెదిరింది. అరవలేదు. నా చేతిసంచి తీసుకుని కారులో పెట్టింది. ముందు తలుపు తెరిచింది.

"ఎక్కండి పిన్నిగారూ. ఏడింటికి వడ్డన. మీరొచ్చి ఒక్క మాట చెబితే వాళ్లొచ్చేస్తారు. మీరు పెద్దవాళ్లు, మిమ్మల్ని కింద కూర్చోబెట్టడం నాదే తప్పు. ఇకమీదట మీరెప్పుడూ నా పక్కనే, ఈ సీట్లోనే."

మెత్తటి సీటు, ఏసీ చల్లగా తగులుతోంది. కాళ్లు పీకుతున్నాయి. ఆమె మనస్ఫూర్తిగానే అంటోందని నాకు తెలుసు. ఎక్కితే గది ఉంటుంది, పని ఉంటుంది, గౌరవం కూడా ఉంటుంది. నేను ఎక్కనూ లేదు, ఎక్కననీ అనలేదు. ఉన్నచోటే నిలబడ్డాను.

"పిన్నీ, టైమవుతోంది."

"మిగతావాళ్లు ఎక్కడ కూర్చుంటారమ్మా?" అన్నాను.

"వాళ్ల సంగతి తర్వాత చూద్దాం."

"అలాగేనమ్మా" అని అక్కడే నిలబడ్డాను.

ఆమె వాచీ చూసుకుంది, నా ముఖం చూసింది, మళ్లీ వాచీ చూసుకుంది. స్టేషను ముందు కార్లు ఒక్కొక్కటే వెళ్లిపోయాయి. చివరికి ఫోన్ తీసి వాళ్లాయనకి చేసింది. "ఏవండీ, వడ్డించేవాళ్లని దించి మీ కారు కిచెన్‌కి పట్టుకెళ్లండి. పక్కింటి వాళ్ల కారు కూడా అడగండి. ఆరుగురున్నారు. ఆ, సీట్లలోనే! ఎన్నిసార్లు చెప్పాలి?" అని పెట్టేసి తలుపు వైపు చెయ్యి చూపించింది.

అప్పుడు ఎక్కాను. ఇది ఇవాళ్టి మటుకేనా, ఎప్పటికీనా, అడగాలో వద్దో తెలియలేదు. హైవే ఎక్కాక ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే, చిన్నగా అడిగింది.

"ఇంతకీ వాళ్లలో మొదలుపెట్టింది ఎవరు పిన్నీ? నేనేమీ అనను, ఒట్టు. పేరు చెప్పండి చాలు."

"నిజంగా తెలియదమ్మా" అన్నాను. ఆమె నమ్మలేదు.